ఏం విన్నావ్?

కనుమ నాటి మధ్యాహ్నం. గారెలు, కోడిపులుసు భోజనం అయ్యాక ఇల్లంతా కునుకు తీస్తోంది. వీధి అరుగు మీద ఇద్దరే మెలకువగా ఉన్నారు. ఒకరు రేడియోలో ముప్పై ఏళ్లు డ్యూటీ ఆఫీసరుగా చేసి రిటైరైన మామయ్య. రెండోవారు ఇంటర్నెట్‌లో తెలుగు పాటలు, భక్తి కార్యక్రమాలు ప్రసారం చేసే ఒక సంస్థలో, ఆ ప్రసారాల బాగోగులు చూసే మేనకోడలు. ఆమె ఒళ్లో లాప్‌టాప్, తెర నిండా వరసగా పచ్చచుక్కలు.

మామయ్య: పండగపూట కూడా ఆ చుక్కలేమిటమ్మా? ముగ్గు పెట్టడానికైతే వాకిలి ఉందిగా.

మేనకోడలు: మా స్ట్రీములు మామయ్యా. ఒక్కో చుక్క ఒక్కో స్ట్రీము. పచ్చగా ఉంటే నడుస్తున్నట్టు. ఎర్రబడితే నా ఫోను మోగుతుంది.

మామయ్య: మొన్న ధనుర్మాసంలో ఒక తెల్లవారుజామున మీ రేడియోలో తిరుప్పావై రావలసిన చోట మూడు గంటలపాటు తుమ్మెద రొద వచ్చిందట. అత్తయ్య చెప్పింది. అప్పుడు ఏ రంగులో ఉంది చుక్క?

మేనకోడలు: అత్తయ్యకి చెప్పడం నాదే బుద్ధితక్కువ. పచ్చగానే ఉంది.

మామయ్య: గుడ్డికన్ను మూసినా ఒకటే, తెరిచినా ఒకటే.

మేనకోడలు: అంత తేలిగ్గా తీసెయ్యకండి. నిశ్శబ్దాన్ని పసిగట్టే ఏర్పాటు మాకుంది. శబ్దం ఒక మట్టం కన్నా పడిపోయి, కొన్ని సెకన్లు అలాగే ఉంటే గంట కొడుతుంది. ఆ రోజు పాటలు పంపే పెట్టె నుంచి, పాటని నెట్‌కి తగ్గట్టు మార్చే ఎన్‌కోడరుకి వెళ్లే తీగ వదులైంది. పాట ఆగింది గానీ తీగలో కరెంటు గుయ్యిమంటూనే ఉంది. ఆ గుయ్యి మేం గీసిన గీతకి పైన ఉంది. యంత్రానికి అది శబ్దమే కదా!

మామయ్య: చివరికి ఎవరు చెప్పారు?

మేనకోడలు: న్యూజెర్సీ నుంచి ఒక పెద్దావిడ ఫోన్ చేశారు. మనకి తెల్లవారుజామంటే వాళ్లకి ముందురోజు సాయంత్రం. దీపం పెట్టుకుని వినడానికి కూర్చున్నారట. మొదట తన చెవిలోనే ఏదో తేడా వచ్చిందనుకున్నారట, పాపం.

మామయ్య: చూశావా! ప్రసారం మీరు పాడుచేస్తే ఆవిడ తన చెవిని అనుమానించుకుంది. చెప్పేవాడికి వినేవాడు లోకువ అని ఊరికే అనలేదు. అదే మా రోజుల్లో అయితే డ్యూటీ రూములో మనిషి కూర్చునేవాడు. అయిదు సెకన్లలో పట్టేసేవాడు.

మేనకోడలు: మీకున్నది ఒక్క ప్రసారం మామయ్యా, అదీ రాత్రికి కట్టేసేవారు. మాకు 12 ఛానెళ్లు, ఒక్కొక్కటీ నాలుగు నాణ్యతల్లో. మంచి నెట్ ఉన్నవాడికి ఒకటి, డొక్కు నెట్ ఉన్నవాడికి ఇంకొకటి. అంటే 48 స్ట్రీములు, రాత్రీపగలూ. ఎనిమిది గంటల డ్యూటీ చొప్పున లెక్కేస్తే, స్ట్రీముకో మనిషిని పెట్టాలన్నా రోజుకి 144 మంది కావాలి. అందులో సగంమంది మధ్యాహ్నం మూడింటికి ఇదిగో, మన ఇంట్లోవాళ్లలాగే ఉంటారు.

మామయ్య: మనుషుల లెక్క ఒప్పుకుంటాను. నేనడిగేది ఎంతమంది వింటున్నారని కాదు, ఎక్కడ నిలబడి వింటున్నారని. స్టూడియో నుంచి ట్రాన్స్‌మిటరుకి పోయే లైను వింటే ఎప్పుడూ బాగానే ఉంటుంది. కానీ అక్కడ ట్రాన్స్‌మిటరే పడిపోయి ఉండొచ్చు. అందుకని కంట్రోల్ రూములో ఒక రిసీవరు పెట్టి, మేం పంపిందాన్ని మేమే గాలిలోంచి తిరిగి పట్టుకుని వినేవాళ్లం. ఊళ్లో కిళ్లీకొట్టు రేడియోలో ఏం వస్తోందో అదే మాకూ వినపడాలి. మీ చుక్క ఎక్కడి నుంచి వింటోంది?

మేనకోడలు: సరైన చోటే పొడిచారు. మా దాంట్లో గాలి ఒక్కటి కాదు, అయిదారు అంచెలుంటాయి. ఎన్‌కోడరు పాటని చిన్న చిన్న ముక్కలు చేస్తుంది. 2009లో ఆపిల్ తెచ్చిన హెచ్‌ఎల్‌ఎస్ అనే పద్ధతి అది. ముక్కకి 6 సెకన్లు పెట్టమని ఆ కంపెనీ సూచన. ఏ ముక్క తర్వాత ఏ ముక్కో చెప్పే జాబితా ఒకటి పక్కనే ఉంటుంది. మీ ఫోను ఆ జాబితా అడుగుతుంది, ముక్కలు తెచ్చుకుంటుంది, అతికించి వినిపిస్తుంది. మళ్లీ జాబితా అడుగుతుంది.

మామయ్య: అందుకేనా, క్రికెట్‌లో పక్కింటి టీవీ వాళ్లు అరిచాక పావు నిమిషానికి గానీ మా మనవడి ఫోనులో సిక్సర్ పడదు?

మేనకోడలు: అందుకే. ఎక్కడా ఆగకూడదని ఫోను మూడు ముక్కలు వెనక నుంచి మొదలెడుతుంది. మూడు ఆర్లు పద్దెనిమిది సెకన్లు అక్కడే పోయాయి. ఇక ఆ ముక్కలు మా సర్వరు నుంచి వాటి నకళ్లు దాచుకునే, ఊరూరా ఉన్న సీడీఎన్ గిడ్డంగులకి, అక్కడి నుంచి మీ నెట్ కంపెనీకి, అక్కడి నుంచి మీ ఇంటి వైఫైకి. మొదట్లో మేం సర్వరుని ‘ఉన్నావా?’ అని మాత్రమే అడిగేవాళ్లం. అది 200 అని బదులిచ్చేది. అడిగింది ఇచ్చాను, అంతా సవ్యం అని దాని అర్థం.

మామయ్య: పోస్టుమాన్ కవరు తెచ్చిచ్చాడు. లోపల ఉత్తరం ఉందో లేదో వాడికేం తెలుసు?

మేనకోడలు: అదే జరిగింది. ఒకసారి జాబితా వస్తోంది, 200 వస్తోంది, కానీ ఆ జాబితా గంట కిందటిది. కొత్త ముక్కలు చేరడం ఆగిపోయింది. అప్పటి నుంచి జాబితాలో వరస సంఖ్య పెరుగుతోందా లేదా అని చూడటం మొదలెట్టాం. ఆ తర్వాత ముక్కని దింపుకుని, విప్పి, అందులో శబ్దం ఉందా, వీడియో అయితే బొమ్మ నల్లబడిందా, కదలకుండా బిగుసుకుపోయిందా అని చూడటం నేర్చుకున్నాం. దానికి తోడు, మా ఆఫీసులోనే కాకుండా సింగపూరులో, డాలస్‌లో అద్దెకి తీసుకున్న యంత్రాల్లోంచి కూడా వింటున్నాం. మీ కిళ్లీకొట్టు రేడియో అన్నమాట.

మామయ్య: అద్దె యంత్రం అంటే, డేటా సెంటర్లో చల్లటి గదిలో కూర్చున్న కిళ్లీకొట్టు. దానికి కరెంటు పోదు, వాన పడదు, సిగ్నల్ కోసం మేడెక్కాల్సిన పని లేదు. మన ఊరి చెరువుగట్టు మీద ఒక్క గీత సిగ్నల్‌తో వినేవాడి సంగతి దానికేం తెలుస్తుంది?

మేనకోడలు: అందుకని వినేవాళ్ల ఫోనుల చేతే చెప్పిస్తాం. మొదలవడానికి ఎన్ని సెకన్లు పట్టింది, ఎన్నిసార్లు ఆ చక్రం తిరిగింది, విసిగిపోయి ఎప్పుడు కట్టేశారు, అన్నీ యాప్ మాకు పంపుతుంది. 2012లో షణ్ముగ కృష్ణన్, రమేశ్ సీతారామన్ అని ఇద్దరు ఇలాంటి 2 కోట్ల 30 లక్షల వీక్షణలు తిరగేశారు. వీడియో మొదలవడానికి 2 సెకన్లు దాటితే జనం జారుకోవడం మొదలెడతారని, ఆపైన ప్రతి సెకనుకీ వెళ్లిపోయేవాళ్లు 5.8 శాతం చొప్పున పెరుగుతారని తేల్చారు. మనిషి ఓపిక రెండు సెకన్లు మామయ్యా. ఇది ఏ డ్యూటీ రూములో కూర్చుని కనిపెడతారు?

మామయ్య: లెక్క బాగుంది. కానీ అసలు యాప్ తెరుచుకోనివాడు ఏ కబురు పంపుతాడు? నెట్ పోయినవాడు నెట్ పోయిందని నెట్‌లో చెప్పడుగా. గడప దాకా వచ్చి తిరిగిపోయినవాడు మీ లెక్కలోకే రాడు. పంక్తిలో కూర్చున్నవాళ్లని మాత్రమే అడిగి భోజనాలు బాగున్నాయని రాసుకోవడం అది.

మేనకోడలు: అది నిజంగా మా గుడ్డిమచ్చే. రోజూ ఈ వేళకి ఇంతమంది ఉంటారు, ఇవాళ తగ్గారేమిటి అని చూసి ఊహించడమే. కానీ మీ రోజుల్లో మాత్రం ఆ తిరిగిపోయినవాడు లెక్కలోకి వచ్చేవాడా?

మామయ్య: వాడూ వచ్చేవాడు కాదులే. వచ్చినవాళ్లు మాత్రం భలేగా వచ్చేవారు. షార్ట్‌వేవ్ వినేవాళ్లలో ఒక పిచ్చి జాతి ఉండేది. ఎక్కడో దేశం అవతలి స్టేషన్ పట్టుకుని, ఎలా వినిపించిందో అంకెల్లో రాసి పంపేవారు. సిన్‌పో అని కోడు. సిగ్నలు బలం, వేరే స్టేషన్ల అడ్డు, రొద, దారిలో వచ్చే హెచ్చుతగ్గులు, చివరికి మొత్తం మీద ఎలా ఉంది, అయిదింటికీ అయిదేసి మార్కులు. 45444 అని రాస్తే చాలు, ఇంజనీరుకి బొమ్మ కట్టినట్టు తెలిసేది. బదులుగా స్టేషన్ వాళ్లు క్యూఎస్‌ఎల్ కార్డు పంపేవారు. దాన్ని దేవుడి పటం పక్కన పెట్టుకున్నవాళ్లున్నారు.

మేనకోడలు: మా యాప్ చేసేదీ ఇదే కదా! తేడా అల్లా, మీకు ఆ ఉత్తరం చేరడానికి వారాలు పట్టేది. మాకు పది సెకన్లలో వస్తుంది.

మామయ్య: ఇంకో తేడా ఉంది, తర్వాత చెప్తాను. ముందు ఇది చెప్పు, ఇంత యంత్రాంగం ఉండి మరి పెద్ద పెద్దవాళ్లు ఎందుకు బోర్లా పడతారు?

మేనకోడలు: 2024 నవంబరు 15న టెక్సస్‌లో మైక్ టైసన్, జేక్ పాల్ బాక్సింగ్ జరిగింది. ఒకేసారి 6.5 కోట్ల స్ట్రీములు నడిచాయని నెట్‌ఫ్లిక్స్ చెప్పింది. చాలామందికి బొమ్మ ఆగుతూ ఆగుతూ వచ్చింది. అలాంటి రాత్రి వాళ్లకి చుక్క ఏ రంగులో ఉందో తెలియక కాదు కష్టం. తెలిసినా, ఆ నిమిషంలో దారి వెడల్పు చెయ్యలేరు. జనం పెరగడమే కాదు, ఒక్కసారిగా తగ్గడం కూడా ప్రమాదమే. 2019 ప్రపంచకప్ సెమీఫైనల్‌లో ధోనీ ఆడుతుండగా హాట్‌స్టార్‌లో ఒకేసారి 2.53 కోట్ల మంది ఉన్నారు. ధోనీ రనౌటయ్యాడు. అందరూ వెనక్కి మీట నొక్కారు. వీడియో సర్వర్ల మీద బరువు దిగింది, కానీ ఆ జనమంతా మొదటి పేజీ మీద పడ్డారు. సినిమా వదిలాక హాలు ఖాళీ అయితే గేటు దగ్గర తొక్కిసలాట అయినట్టు. మనం వీడియోనే చూస్తూ కూర్చుంటే అక్కడ అంతా పచ్చగానే ఉంటుంది.

మామయ్య: అదుగో, నా మాటే నువ్వు చెప్తున్నావు. చుక్క ఎక్కడ పెట్టారో అక్కడే వెలుగుతుంది.

మేనకోడలు: కానీ ఆ కోట్ల మందిని పట్టుకోవడానికి చెవులు చాలవు, లెక్కలే కావాలి. మా లెక్క ప్రకారం నెలకి 99.9 శాతం నడిచాం. తక్కువా?

మామయ్య: 99.9 అంటే ఎంతసేపు ఆగినట్టు?

మేనకోడలు: ముప్పై రోజుల నెలలో 43 నిమిషాలు.

మామయ్య: ఏ 43 నిమిషాలు? లాక్‌డౌన్‌లో మీ చిన్నత్త కూతురి పెళ్లిని పెళ్లికొడుకు తాతగారు అమెరికాలో ఉండి ఫోనులోనే చూశారు. జీలకర్రా బెల్లం పెట్టే నిమిషంలో చక్రం తిరిగింది. మళ్లీ బొమ్మ వచ్చేసరికి తలంబ్రాలు. ఆ స్ట్రీము కూడా ఆ నెలకి 99 మీద ఎంతో నడిచే ఉంటుంది. శాతానికి ముహూర్తం తెలియదమ్మా.

మేనకోడలు: తెలియదు. కానీ ముహూర్తం యంత్రానికి చెప్పొచ్చు. ఈ వేళకి గంట ముందు నుంచి రెండు దారుల్లో పంపు, చిన్న తేడాకి కూడా లేపు అని. అలా చేస్తాం కూడా. అసలు చిక్కు వేరే ఉంది. ఎక్కువసార్లు లేపితే ‘నాన్నా పులి’ కథ అవుతుంది. ఒక సంతాప సభలో రెండు నిమిషాలు మౌనం పాటించారు. నిశ్శబ్దం అని నా ఫోను మోగింది. ఇంకోసారి గుడి నుంచి ప్రత్యక్ష దర్శనం. కెమెరా మూలవిరాట్టు మీద. బొమ్మ బిగుసుకుపోయిందని అర్ధరాత్రి లేపింది.

మామయ్య: దేవుడు కదలడు కదా మరి!

మేనకోడలు: అలాంటివి నాలుగయ్యాక, అయిదోసారి ఫోను మోగినా పక్కకి తిరిగి పడుకుంటాం. నిజంగా పులి వచ్చేది అప్పుడే.

మామయ్య: అక్కడ మనిషైతే ఏం చూస్తాడో తెలుసా? స్వామిని చూడడు, పక్కన దీపాన్ని చూస్తాడు. వత్తి ఊగుతోందా, బొమ్మ బతికే ఉంది.

మేనకోడలు: ఊరుకోండి మామయ్యా, మేం చేసిందీ అదే. తెర మూలన చిన్న గడియారం పెట్టాం. యంత్రం దాన్ని చూస్తుంది. సెకన్ల ముల్లు ఆగితేనే నన్ను లేపుతుంది. మీ దీపాన్నే దానికి అర్థమయ్యేలా పెట్టాం. సరే, నన్ను ఇంతసేపు నిలదీశారు. మీ ముప్పై ఏళ్లలో మనిషి చెవి ఎప్పుడూ మోసం చెయ్యలేదా? నిజం చెప్పండి.

మామయ్య: (కొంచెంసేపు వీధిలోకి చూసి) చెవి మోసం చెయ్యలేదు. నేనే చేశాను. ఉద్యోగంలో చేరిన కొత్త. తెల్లవారుజాము డ్యూటీ. 45 వేగంతో తిరగాల్సిన రికార్డుని ఎవరో 33 మీద పెట్టారు. అమ్మాయి గొంతు కాస్తా ఆవలిస్తున్న పహిల్వాన్ గొంతైపోయింది. నేను పక్కగదిలో టీ తాగుతున్నాను. అద్దంలోంచి మీటరు సూది కనిపిస్తోంది, ఊగుతోంది. సూది ఊగుతోందంటే పాట నడుస్తున్నట్టే కదా అని లాగ్‌బుక్‌లో ‘ప్రసారం సంతృప్తికరం’ అని రాసి సంతకం పెట్టాను. ఆ సిరా ఆరకముందే పాలు పోసే కుర్రాడు సైకిలాపి, గేటు దగ్గర వాచ్‌మన్‌తో చెప్పి వెళ్లాడు, ‘మీ పాటకి జలుబు చేసిందయ్యా’ అని.

మేనకోడలు: అంటే మీ సూదే మీ పచ్చచుక్క!

మామయ్య: సూదిని ఏం అంటాం, అది దాని పని చేసింది. నా సంతకమే పచ్చచుక్క. వినకుండా పెట్టిన సంతకం. ఆ రోజు మా పెద్దాయన తిట్టలేదు. ఇకనుంచి ‘సంతృప్తికరం’ అన్న మాట నీ లాగ్‌లో కనపడకూడదు, ఏం విన్నావో అది రాయి అన్నారు. ‘6.10. వీణ. మొదట్లో చిన్న గీర’ అని రాయాలి. వినకుండా ఆ ముక్క రాయలేవు. ‘బాగుంది’ అని మాత్రం నిద్రలో కూడా రాయొచ్చు.

మేనకోడలు: ఇందాక ఇంకో తేడా ఉందన్నారు...

మామయ్య: ఇదే. క్యూఎస్‌ఎల్ కార్డు కోసం 45444 అని అంకెలు పంపితే సరిపోదు. ఆ వేళకి ఏ పాట వచ్చింది, ఎవరు ఏం మాట్లాడారు, అవీ రాయాలి. స్టేషన్‌లో లాగ్ తీసి సరిచూసేవారు. కుదిరితేనే కార్డు. లేకపోతే వినకుండానే కార్డులు పోగేసేవారు బోలెడుమంది. మీ సర్వరు 200 అంటుంది, నేను సంతృప్తికరం అన్నాను. రెండూ ఒకటే. వాటిలో విన్న గుర్తు లేదు.

మేనకోడలు: (లాప్‌టాప్ పక్కన పెట్టి) అయితే యంత్రాన్ని కూడా అదే అడగాలి. ‘బాగుందా’ అని కాదు, ‘ఏం విన్నావ్’ అని. చెయ్యొచ్చు మామయ్యా. పాటకి వేలిముద్ర లాంటిది తీసే పద్ధతులున్నాయి. ఫోను పట్టుకుంటే ఇది ఏ పాటో చెప్పే యాప్‌లు వాడేది దాన్నే. పాటలు పంపే పెట్టె దగ్గర ఒక ముద్ర, డాలస్‌లో అందిన శబ్దానికి ఒక ముద్ర. రెండూ కలవకపోతే గంట కొట్టు. ఆ తుమ్మెద రొద రోజున పెట్టెలో తిరుప్పావై ఉంది, బయట గుయ్యి ఉంది. మొదటి నిమిషంలోనే దొరికేది.

మామయ్య: బాగానే ఉంది. మరి పెట్టెలోనే తప్పు పెడితే? తిరుప్పావై ముప్పై పాశురాలు, ధనుర్మాసంలో రోజుకొకటి. పదో రోజున పన్నెండో పాశురం పెట్టారనుకో. లోపలా అదే, బయటా అదే. ముద్రలు చక్కగా కలుస్తాయి. చుక్క ముచ్చటగా పచ్చగా ఉంటుంది.

మేనకోడలు: ఏ రోజుకి ఏదో పట్టిక ఇచ్చి...

మామయ్య: ఆ పట్టిక ఎవరు రాస్తారు? తెలిసిన మనిషే కదా! మీరు ఎన్ని అంచెలు కట్టినా చివరి అంచెలో, ఇది ఇవాళ్టిది కాదే అని ఉలిక్కిపడేవాడొకడు ఉండాలి. న్యూజెర్సీ పెద్దావిడలాగా.

మేనకోడలు: ఉండాలి, కాదనను. కానీ ఆవిడని కాపలా కూర్చోబెట్టడం నాకిష్టం లేదు. ఆవిడ దీపం పెట్టుకుని వినడానికి వచ్చారు, మా తప్పులు పట్టడానికి కాదు. తీగ ఊడటం, జాబితా పాతబడటం, ఇవి యంత్రమే పట్టుకోవాలి. అప్పుడు మనిషి చెవిని మనిషే వినగలిగిన దానికి దాచుకోవచ్చు. మీరు మనిషిని ముందు పెడతారు, నేను చివర పెడతాను. అంతే తేడా.

మామయ్య: అంతే అంటావేమిటి, అది చాలా తేడా. చివర పెట్టినవాడిని ఖర్చు తగ్గించేటప్పుడు మొదట తీసేస్తారు. నేను చూశాను.

మేనకోడలు: (కాసేపాగి) దానికి నా దగ్గర జవాబు లేదు. సరే, చివరి మనిషిని ఇవాళే నియమిస్తున్నాను. ఇదిగో ఫోను, చెవిలో పెట్టుకోండి. మా నాదస్వరం ఛానెల్. జీతం లేదు, కాఫీ మాత్రం ఇస్తాను.

మామయ్య ఫోను చెవికి ఆనించుకుని కళ్లు మూసుకున్నాడు.

మేనకోడలు: బాగుందా?

మామయ్య: అలా అడక్కు.

మేనకోడలు: సరే. ఏం వింటున్నారు?

మామయ్య: నాదస్వరం. కల్యాణి. ఊపిరి తీసుకోవడం కూడా తెలుస్తోంది. డోలు మాత్రం ఎక్కడో దూరంగా ఉంది, పక్కవీధిలో పెళ్లిలాగా. మీ స్ట్రీములో ఏదో తేడా ఉంది చూడు.

మేనకోడలు: తేడా ఏం లేదు మామయ్యా. అది పాత టేపు. అప్పట్లో మైకు ఒక్కటే, నాదస్వరం ముందు పెట్టారు.

మామయ్య: అలాగా. అయితే అదీ రాసుకో. ‘3.40. కల్యాణి. డోలు దూరం.’ రేపెప్పుడైనా ఇదే టేపులో డోలు దగ్గరగా వినిపించిందనుకో, అప్పుడు లేద్దువుగాని.